కుట్టని కందిరీగ

డిసెంబరులో ఓ ఆదివారం. కాఫీ గ్లాసు పట్టుకుని మేడ మీదికెళ్లేసరికి అమ్మ చిక్కుడుపాదు దగ్గర పీట వేసుకుని కూర్చునుంది. ఒక్కో చిగురూ తిప్పి చూస్తోంది. చూసి, బొటనవేలితో ఏదో నలిపేస్తోంది.

'ఏంటమ్మా?' అన్నాను.

'పేనుబంక పట్టిందే. అది చాలదన్నట్టు మధ్యలో ఈ పురుగొకటి. పొద్దున్నుంచీ ఆరు చంపాను. బజారుకెళ్లినప్పుడు మందు తెచ్చిపెట్టు, కొట్టేద్దాం.'

నాన్న పోయాక ఊళ్లో ఇంటికి తాళంవేసి అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ కొంగున ముడివేసి తెచ్చుకున్న గింజలవి. నాలుగు సిమెంటు తొట్లు, ఓ చిన్న వెదురు పందిరి... ఇప్పుడదే ఆవిడ పొలం. ఆ పొలానికి తెగులొస్తే ఇల్లంతటికీ తెగులొచ్చినట్టే!

వంగి చూశాను. లేత కాడంతా నల్లగా పేనుబంక. దాని మధ్య అంగుళంలో మూడోవంతు కూడా లేని పురుగు. కాళ్లు లేవు. కళ్లూ ఉన్నట్టు లేవు. ఆకుపచ్చా కాదు, తెలుపూ కాదు. సన్నటి మూతిని అటూ ఇటూ ఊపుతూ గుడ్డివాడు చేతికర్రతో తడుముకున్నట్టు తడుముతోంది. ఉన్నట్టుండి ఓ బంకపురుగుని దొరకబుచ్చుకుంది. గాల్లోకి ఎత్తింది. కాసేపలా పట్టుకునే ఉంది. తర్వాత వదిలేసింది. కింద పడింది ఉత్త తొక్క!

అంటే అమ్మ పొద్దున్నుంచీ చంపుతున్నది పేనుబంకని తినేవాళ్లనన్నమాట.

సెల్‌ఫోన్లో ఫొటో తీసి, వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చెప్పి రిటైరైన ఓ మాస్టారికి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోనొచ్చింది. 'ముందు మీ అమ్మగారి చెయ్యి ఆపమ్మా!' అన్నారాయన. 'అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. ఆవిడ తోటలో జీతం లేకుండా పనిచేస్తున్న కూలీ.'

ఈగా? ఈ పాకే పురుగా?

'పెద్దయ్యాక ఎలా ఉంటుందో చూపిస్తాను. వచ్చే ఆదివారం కేబీఆర్ పార్కుకి వచ్చేయండి. మీవాణ్ని కూడా తీసుకురండి' అన్నారు.

మావాణ్ని తీసుకెళ్లడమే కష్టం. ఏడేళ్లు వాడికి. కిందటి వేసవిలో ఊళ్లో కందిరీగ కుట్టింది. చెయ్యి మోచేతిదాకా వాచింది. అప్పట్నుంచీ పసుపుచారలున్నది ఏది ఎగిరినా కెవ్వుమంటాడు. మేడెక్కడమే మానేశాడు. ఐస్‌క్రీం ఆశ చూపి బయల్దేరదీశాను.

గాల్లో ఆగిన చుక్క

కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. జూబ్లీహిల్స్ భవంతుల మధ్య బండరాళ్లూ, తుప్పలూ, నెమళ్లతో మిగిలిపోయిన అడవిముక్క అది. పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లంతా చేతి గడియారం చూసుకుంటూ ముందుకి నడుస్తారు. ఆవేళ మేం ముగ్గురం మాత్రం దారిపక్క గడ్డిలోకి చూస్తూ నత్తనడక నడిచాం. 'ఏదైనా పారేసుకున్నారా?' అని ఇద్దరు ఆగి అడిగారు కూడా.

ఎనిమిదిన్నరయింది. ఎండ పడుతున్నచోట గడ్డిచేమంతి విరగబూసింది. మాస్టారు చెయ్యి అడ్డంపెట్టి మమ్మల్ని ఆపారు. 'అదుగో!'

నేలకి జానెడెత్తున గాల్లో ఓ చుక్క. కదలదు. రెక్కలు కనబడవు. దారంతో వేలాడదీసినట్టు అలా ఆగిపోయి ఉంది. చటుక్కున పక్కకి జరిగి మళ్లీ ఆగింది. అచ్చం హెలికాప్టరే! ఇంగ్లిషులో దీన్ని హోవర్ ఫ్లై అనేది అందుకే. సెకనుకి వందసార్లకుపైగా రెక్కలాడిస్తే తప్ప అలా నిలబడ్డం కుదరదట. కాసేపటికి పూవు మీద వాలింది. నల్లటి ఒంటిమీద పసుపు పట్టీలు.

అంతే, మావాడు నా వెనక దాక్కున్నాడు.

మాస్టారు మోకాళ్లమీద కూర్చుని వాణ్ని పిలిచారు. 'భయపడు, తప్పులేదు. కానీ ముందు చూసి, తర్వాత భయపడు. నేనడిగినవి చెప్పు. దాని తలకి పొడుగాటి మీసాలున్నాయా?'

'లేవు.'

'నడుం దగ్గర సన్నగా ఉందా?'

'ఉహూ. లావుగానే ఉంది.'

'కళ్లు?'

'చాలా పెద్దవి. తలంతా కళ్లే!'

'అయితే అది ఈగ. ఈగకి కొండి ఉండదు. కుట్టడం దాని తరం కాదు' అని తేల్చేశారాయన.

కందిరీగకీ, తేనెటీగకీ నాలుగు రెక్కలు. ఈగలకి రెండే. వెనకరెక్కలు ఉండాల్సినచోట చిన్న గుండుసూదుల్లాంటి బుడిపెలు మిగిలాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు ఒరిగిపోకుండా కాపాడేవి అవే. శాస్త్రవేత్తలు వాటిని హాల్టేర్లంటారు. అయితే రెక్కలు లెక్కపెట్టి తేల్చుకుందామంటే మనవల్ల కాదు. తేనెటీగ ముందురెక్కా వెనకరెక్కా కొక్కేలతో తగులుకుని ఒక్కటిగానే కనిపిస్తాయి. అందుకే మీసాలు, కళ్లు, నడుము... ఈ మూడూ చూడాలి.

దొంగవేషం ఎందుకు?

కుట్టలేని ఈగకి కుట్టే కందిరీగ చొక్కా ఎందుకు? బతకడానికే! కందిరీగ రుచి ఒకసారి చూసిన పిట్ట మళ్లీ పసుపుచారల జోలికి రాదు. ఆ భయాన్ని ఈగ వాడుకుంటుంది. మావాడు ఏడాదిగా పడుతున్న భయం కూడా సరిగ్గా అదే.

ఈ సంగతి ముందుగా పట్టుకున్నవాడు హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లిషాయన. 1848 నుంచి 11 ఏళ్లపాటు అమెజాన్ అడవుల్లో తిరిగి సీతాకోకచిలుకల్ని పోగుచేశాడు. పిట్టలు ముట్టని చేదు సీతాకోకచిలుకల్లాగే, ఏ చేదూ లేని వేరే రకాలు కూడా రంగులేసుకుని తిరుగుతున్నాయని గమనించాడు. 1862లో ఆ విషయం రాశాడు. ఇలాంటి వేషాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈ వేషానికి పిట్టలే కాదు, మనుషులూ మోసపోయారు. చచ్చిన ఎద్దు కళేబరంలోంచి తేనెటీగలు పుడతాయని పాతకాలపు రోమన్లు, గ్రీకులు గట్టిగా నమ్మారు. వర్జిల్ అంతటి కవి ఆ పద్ధతిని పద్యాల్లో వర్ణించాడు. అసలు సంగతేమిటంటే, తేనెటీగలా ఉండే ఓ రకం హోవర్ ఫ్లై కుళ్లినచోట గుడ్లు పెడుతుంది. అక్కడినుంచి ఎగిరొచ్చిన ఈగల్ని చూసి తేనెటీగలనుకున్నారు. ఓస్టెన్ సాకెన్ అనే రష్యన్ దౌత్యాధికారి 1890లలో పుస్తకం రాసి ఈ ముడి విప్పాడు. ఆయన ఉద్యోగం రాయబారం, వ్యసనం ఈగలు!

మన మురుగ్గుంటల్లోనూ ఆ ఈగ చుట్టాలున్నాయి. పార్కులో నీటిచెలమ దగ్గర మాస్టారు ఒకదాన్ని చూపించారు. లేతరంగు కళ్లమీద సన్నటి చుక్కలు... ఎవరో కూర్చుని ముగ్గు చుక్కలు పెట్టినట్టు! ఎరిస్టాలినస్ అంటారట. దీని పిల్లలు మురుగునీటిలో పెరుగుతాయి. ఊపిరి తీసుకోవడానికి వెనక పొడుగాటి గొట్టం. అవసరాన్నిబట్టి దాన్ని సాగదీసి నీటిపైకి పెడతాయి. చూడ్డానికి ఎలుకతోకలా ఉంటుంది. పుట్టుక మురుగులో, బతుకు పూలమీద!

ప్రపంచంలో 6,000కి పైగా రకాల హోవర్ ఫ్లైలున్నాయి. మన దేశంలో 300కి పైగా. వీటన్నిటినీ కలిపి సిర్ఫిడే కుటుంబం అంటారు. మన దేశపు ఈగల మీద ఇప్పటికీ తిరగేసే పుస్తకం 1923 నాటిది. రాసింది బ్రూనెట్టి. వృత్తిరీత్యా సంగీతకారుడు. కలకత్తాలో ఏళ్ల తరబడి ఉండి, పాట ఒకవైపు, ఈగలు ఒకవైపు సాగించాడు. ఎద్దు కథ తేల్చింది రాయబారి, మన ఈగల లెక్క రాసింది పాటగాడు. కాబట్టి 'మనకెందుకులే, సైన్సు చదవలేదుగా' అనుకోనక్కర్లేదు.

మీరూ చూడొచ్చు

దీనికి బైనాక్యులర్లు అక్కర్లేదు. అడవులకీ వెళ్లక్కర్లేదు. ఎండపడే చోటు, పూసే మొక్క, కాస్త ఓపిక ఉంటే చాలు. మాస్టారు చెప్పినవి ఇవీ...

ఎప్పుడు: వానలు వెనకబట్టింది మొదలు మాఘమాసందాకా మంచికాలం. పొద్దున ఎనిమిదినుంచి పదకొండులోపు. మబ్బు పట్టినా, గాలి ఎక్కువున్నా కనబడవు.

ఎక్కడ: చిన్నచిన్న పూలు గుత్తులుగా ఉండే మొక్కల దగ్గర. కొత్తిమీరని కోయకుండా పూతకి వదిలేస్తే వరసకట్టి వస్తాయి. ఆవ, సోంపు, తులసి, రేగు పూత, గడ్డిచేమంతి అన్నా ఇష్టమే. వీటి మూతి పొట్టిది. లోతైన పూలలో తేనె అందదు.

ఎలా: పూవు దగ్గర నిలబడి కదలకుండా ఉండండి. మీ నీడ వాటిమీద పడనివ్వద్దు. లేచిపోయినా కంగారుపడొద్దు, తరచు అదేచోటికి తిరిగొస్తాయి. వెంటపడితే మాత్రం దొరకవు.

ఫొటో: ఒక్కటి చాలదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం కనబడేలా ఒకటి. ఒంటిమీది పట్టీల తీరు, కళ్లు, రెక్కల ఈనెలు... గుర్తుపట్టడానికి పనికొచ్చేవి ఇవే. రెక్క మధ్యలో ఏ ఈనెతోనూ కలవని దొంగ ఈనె ఒకటుంటుంది. అది కనబడితే హోవర్ ఫ్లై అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఆడా మగా: చాలారకాల్లో మగదాని కళ్లు నడినెత్తిన కలిసిపోతాయి. ఆడదాని కళ్లమధ్య సందు ఉంటుంది. మావాడికి అన్నిటికంటే బాగా నచ్చింది ఇదే. ఆ పూటంతా 'ఇది అమ్మ ఈగ, ఇది నాన్న ఈగ' అని లెక్కే లెక్క.

మన తోటల్లో తరచు కనబడేది ఇస్కియోడాన్. అర అంగుళం కూడా ఉండదు. ఛాతీకి రెండుపక్కలా పసుపు అంచు, వెనక నల్లటి ఒంటిమీద పసుపు పట్టీలు. ఆవగింజకి కాస్త పెద్దన్నలా ఉండే చిన్నది పారాగస్. అయితే అన్నిటికీ పూర్తిపేరు పెట్టేయాలని తొందరపడకూడదు. కొన్నింటిని మైక్రోస్కోపు కింద పెడితేగానీ నిపుణులే చెప్పలేరు. 'ఫొటో చూసి ఇంటిపేరు చెప్పగలిగితే చాలమ్మా. సొంతపేరు తెలియకపోతే తెలియదని రాసుకో. తప్పు పేరు రాసుకోవడంకంటే ఖాళీ వదలడం మర్యాద' అన్నారు మాస్టారు.

ఓ నోటుపుస్తకంలో తేదీ, చోటు, ఏ పూవుమీద చూశామో రాసుకుంటే ఏడాది తిరిగేసరికి అదే ఓ ఖజానా. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో జెన్నిఫర్ ఓవెన్ అనే జంతుశాస్త్రవేత్త తన పెరట్లో తిరిగే ప్రాణుల్ని 30 ఏళ్లపాటు లెక్కరాశారు. ఆ ఒక్క పెరట్లోనే దొరికిన హోవర్ ఫ్లైలు 94 రకాలు! బ్రిటన్ మొత్తంమీద ఉన్నవే 280 దాకా. అంటే మూడోవంతు ఆవిడ ఇంటివెనకే ఉన్నాయి. మన పెరట్లలో ఎన్నున్నాయో లెక్క రాసినవాళ్లు ఇంకా తక్కువే.

ఇవి చిన్నవే గానీ చేసేపని చిన్నది కాదు. పిల్లదశలో ఒక్కో పురుగూ కొన్ని వందల బంకపురుగుల్ని తింటుంది. పెద్దయ్యాక పూలమీద తిరిగి పుప్పొడి మోస్తుంది. దక్షిణ ఇంగ్లండు మీదుగా రెండు రకాల హోవర్ ఫ్లైలే ఏటా 400 కోట్లదాకా వలస పోతున్నాయని అక్కడి శాస్త్రవేత్తలు రాడార్లు పెట్టి అంచనా కట్టి 2019లో ప్రకటించారు. వాటి పిల్లలు తినే బంకపురుగుల లెక్క లక్షల కోట్లలో ఉంటుందట!

మనకి దగ్గరి లెక్క చెప్పాలంటే మామిడి. మామిడి పూతమీద తేనెటీగలకంటే ఈగల సందడే ఎక్కువ చూస్తాం. పిందె కట్టడంలో వాటి పాత్ర ఉంది. హోవర్ ఫ్లైలూ వాటిలో ఉంటాయి. పూత నిండుగా విచ్చుకున్నప్పుడు మందు కొడితే చచ్చేది తేనెమంచు పురుగు ఒక్కటే కాదు. పిందె కట్టడానికి వచ్చిన అతిథులు కూడా. పంట చేతికి రాలేదని బాధపడే రైతుకి ఆ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పాలి కదా!

అమ్మ చెప్పిన సంగతి

పార్కునుంచి వచ్చి ఇదంతా అమ్మకి చెప్పాను. ఫొటోలు చూపించాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆరు చంపానని బాధపడుతోందేమో అనుకున్నాను. ఆవిడ ఆలోచన వేరేచోటుంది.

'మీ నాన్న ఇరవయ్యేళ్లు పత్తికి మందు కొట్టారు. కొట్టేవాళ్లలో డబ్బా మీద రాసింది చదవగలిగినవాళ్లు ఎందరే? పక్కచేనువాళ్లు కొడితే మనమూ కొట్టాలి, అంతే. ఓసారి కొట్టొచ్చి రాత్రంతా ఒకటే వాంతులు. బండికట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాం. నీకప్పుడు నాలుగేళ్లు. మూడోరోజు ఇంటికొచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ పంపు భుజానికెత్తుకున్నారు. చేలో మనవైపు పనిచేసేవాళ్లు కూడా ఉన్నారని ఎవరన్నా చెప్పుంటే... ఒక్క తడవన్నా తగ్గించేవారేమో.'

ఈ కథ నాకు ముప్ఫయ్యేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు అమ్మ. నేనూ అడగలేదు.

మందు తేలేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. బాగా బంకపట్టిన చిగుళ్లని అమ్మ గిల్లి పారేసింది. తెల్లపురుగులున్నవాటిని మాత్రం వదిలేసింది. మిగతా కాడల్ని పైపు నీళ్లతో కడిగింది. కొన్ని చిగుళ్లు పోయాయి, అబద్ధం చెప్పకూడదు. మొదటి వారం పెద్ద తేడా కనబడలేదు. 'మీ మాస్టారి కూలీలు నిద్రపోతున్నట్టున్నారే' అని సాధించింది కూడా. రెండోవారానికి అక్కడక్కడా కాడలు పచ్చబడ్డం మొదలైంది. ఆకుల వెనక నీటిబొట్టు ఆకారంలో గోధుమరంగు గూళ్లు కనిపించాయి. పురుగు ఈగగా మారేది వాటిలోనే.

అలాంటిదొకటి ఆకుతోసహా గాజుసీసాలో పెట్టి మూతికి పల్చటి గుడ్డ కట్టాం. సీసా కాపలా మావాడిది. ఐదోరోజు పొద్దున బడికెళ్లే హడావుడిలో వాడు కేకపెట్టాడు. పాత భయం కేకేమో అనుకుని పరుగెత్తాను. కాదు. సీసాలో ఓ కొత్త ఈగ. రెక్కలు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు. పసుపు పట్టీలు లేతగా ఉన్నాయి.

'కళ్లమధ్య సందుందమ్మా. అమ్మ ఈగ!' అన్నాడు.

ముగ్గురం మేడెక్కి సీసా గుడ్డ విప్పాం. ఏడాది తర్వాత వాడు ఆ మెట్లెక్కడం అదే. అది కాసేపు సీసా అంచుమీద కూర్చుని, లేచి, చిక్కుడు పందిరి ముందు గాల్లో ఆగింది. మాకేదో చెప్పడానికి ఆగినట్టు అనిపించింది గానీ అది దాని పద్ధతి, అంతే. వాడు కళ్లార్పకుండా చూశాడు. చెయ్యి చాపలేదు, పారిపోనూ లేదు. కందిరీగ కనబడితే ఇప్పటికీ దూరంగానే ఉంటాడు. ఉండాలి కూడా.

ఈ ఆదివారం కాఫీ గ్లాసుతో నేను మేడెక్కేసరికి అమ్మ అదే పీట మీద కూర్చునుంది. ఒక్కో చిగురూ తిప్పి చూస్తోంది. నన్ను చూసి తలెత్తకుండానే అంది.

'ఇవాళ తొమ్మిదున్నాయే.'